ఒక్క మంచి మాట ప్రాయశ్చిత్తం

"ఈ వారం కూడా అతనేనా?" అన్నారు ఫాదర్ జెరోమ్, జాలీ వెనక నుంచి.

"అతనే ఫాదర్," అంది వాండా.

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. అమెరికాలో బఫెలోలోని ఈ పాత పోలిష్ చర్చిలో, చెక్క పెట్టెలో జాలీ వెనక కూర్చుని, జనం తమ తప్పులు చెప్పుకునే పాపసంకీర్తనాలు ముప్పై ఏళ్ళుగా వింటున్న పెద్దాయన. ఆ పెట్టెలో కూర్చుని ఆయన విననిది లేదు. కానీ ఒకే అమ్మాయి వరసగా నాలుగు శనివారాలు వచ్చి ఒకే మనిషి మీద కోపం వచ్చిందని చెప్పుకోవడం మాత్రం ఆయన సర్వీసులో ఇదే మొదలు.

"మొదటి వారం దున్నపోతన్నావు."

"అన్నాను."

"రెండో వారం కాఫీలో ఉప్పు వేశావు."

"రెండు చెంచాలు."

"మూడో వారం ఏప్రన్ దాచావు. మరి ఈ వారం?"

వాండా మోకాళ్ళ మీద కాస్త సర్దుకుంది. "ఈ వారం నేనేం చెయ్యలేదు ఫాదర్. అతనే..."

"ఏం చేశాడు?"

"ఏమీ చెయ్యలేదు. సాయంత్రమంతా నాతో ఒక్క గొడవా పెట్టుకోలేదు. వచ్చాడు, చేపలు వేయించాడు, కోటు తొడుక్కుని గుడ్ నైట్ అని వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది."

జాలీ వెనక కుర్చీ కిర్రుమంది.

ఆ చేపలు వేయించేవాడి పేరు బ్రెండన్. నది మీది లిఫ్ట్ వంతెనకి ఆపరేటరు. ఓడ వచ్చినప్పుడు వంతెన పైకి లేపుతాడు, పోయాక దించుతాడు. వాళ్ళ పేటలోని ఐరిష్ చర్చి మూతబడి, అక్కడివాళ్ళందర్నీ ఈ పోలిష్ చర్చిలో కలిపి నెల రోజులైంది. రెండు వంటిళ్ళు ఒకటైతే ఏమవుతుందో అదే అయింది. ఈస్టర్‌కి ముందొచ్చే తపస్కాలంలో శుక్రవారాలు మాంసం ఉండదు కాబట్టి, సాయంత్రాలు చర్చి హాల్లో భోజనాల అమ్మకం. అందులో పోలిష్ వాళ్ళవి పియెరోగీలు: మన కజ్జికాయల ఆకారమే, లోపల మాత్రం బంగాళాదుంపా జున్నూ. ఐరిష్ వాళ్ళవి వేయించిన చేపలు. మొదటి శుక్రవారమే బ్రెండన్ తన నూనె మూకుడు పెట్టుకోవడానికి కిటికీ కింద ఉన్న పిండి బల్లని మూలకి నెట్టేశాడు. అది వాండా అమ్మమ్మ నలభై ఏళ్ళుగా పిండి వత్తిన బల్ల.

"పొగ పోవాలి కదండీ మేడమ్," అన్నాడు ఆ రోజు, నవ్వుతూ.

"పోవాల్సింది పొగ కాదు, నువ్వు," అంది వాండా. ఆ తర్వాతే దున్నపోతు అన్న మాట వచ్చింది.

అయితే కొన్ని సంగతులు వాండా ఫాదర్‌కి చెప్పలేదు. ఉప్పు కాఫీ బ్రెండన్ మొహం చిట్లించకుండా చివరిదాకా తాగాడు. తాగి, "చాలా బావుంది, ఇంకో కప్పిస్తారా?" అన్నాడు. ఏప్రన్ కనిపించకపోతే అమ్మమ్మ పువ్వుల ఏప్రన్ కట్టుకుని, ఆ ఆరడుగుల మనిషి రాత్రిదాకా వడ్డించాడు. ఇవి పాపాలు కావు కదా అని వాండా లెక్కలో వెయ్యలేదు. కానీ వారమంతా ఇవే గుర్తొచ్చేవి.

"చూడమ్మాయ్," ఫాదర్ గొంతు సవరించుకున్నారు. "పాపానికి లాక్కెళ్ళే చోటికి వెళ్ళకపోవడమే మొదటి మందు. నువ్వు శుక్రవారాలు మానెయ్యి. మంగళవారం పిండి కలిపే వాళ్ళలోకి మారు. ఆ మనిషి కంటపడడు, నీకు కోపం రాదు. సరేనా?"

"ఒప్పుకోను ఫాదర్."

"ఆఁ?"

"మీ సలహాకి ఒప్పుకోనంటున్నా."

"ఇది బేరాలాడే చోటు కాదు తల్లీ."

"బేరం కాదు. సలహా తప్పంటున్నా. ప్రాయశ్చిత్తం ఎంత చెప్తే అంతా చెయ్యాలి, సలహా మాత్రం మంచిదైతేనే తీసుకోవాలి అని మా అమ్మమ్మ చెప్పింది."

"మీ అమ్మమ్మ సంగతి నేను మాట్లాడకూడదు," అన్నారు ఫాదర్ నీరసంగా. "సరే, ఎక్కడ తప్పు?"

వాండా వెనక్కి తగ్గే రకం కాదు. చిన్నప్పుడు మతపాఠాలు చెప్పే కేటకిజం క్లాసులో టీచరమ్మని కంటతడి పెట్టించిన పిల్ల. జాలీకి ముక్కు ఆనేంత దగ్గరికి జరిగింది.

"కోపం వస్తోందని మనిషినే తప్పించుకు తిరిగితే కోపం పోయినట్టా? పొయ్యి పొగ పెడుతోందని ఇల్లు ఖాళీ చేస్తారా ఎవరైనా? నేను కోపం మానుకోడానికి వచ్చాను ఫాదర్, అతన్ని మానుకోడానికి కాదు!"

మాట నోరు దాటాక గానీ దాని బరువు తెలియలేదు. వాండాకి చెవులు వేడెక్కాయి.

"ఇందాకటి మాట మళ్ళీ చెప్పు," అన్నారు ఫాదర్. గొంతులో నవ్వు దాగడం లేదు.

"చెప్పను."

"వద్దులే, వినపడింది. ఇది పాపాల్లోకి రాదమ్మా. నాకు చెప్పి లాభం లేదు. వెళ్ళి చెప్పాల్సినవాడికి చెప్పు."

"చచ్చినా చెప్పను!" వాండా గొంతు లేచింది. "వాడికా? నా వల్ల కాదు ఫాదర్!"

"మెల్లిగా తల్లీ, చర్చి ఇది. రెండు సలహాలిచ్చాను, రెండూ కాదన్నావు. ఇప్పుడు ప్రాయశ్చిత్తం. మరియమ్మకి మూడు మంగళవార్త జపాలు. వాటితో పాటు, ఈస్టర్ లోపల అతనితో ఒక్క మంచి మాట. ఒక్కటి చాలు. ఇది సలహా కాదు, గుర్తుంచుకో."

ప్రాయశ్చిత్తానికి ఎదురు చెప్పకూడదు. వాండా తలూపి, ఆశీర్వాదం తీసుకుని, తెర తీసుకుని బయటికొచ్చింది.

ఏప్రిల్ వచ్చినా బయట మంచు పడుతోంది. చర్చి మొత్తానికి పనిచేసే రేడియేటర్ ఒక్కటే, అదీ పాపసంకీర్తనం పెట్టె పక్కనే. అందుకని వరస దూరంగా నిలబడాల్సింది పోయి, జనమంతా దాని చుట్టూ చేరారు. అందరికంటే ముందు నిలబడ్డవాడు బ్రెండన్. చెవులు ఎర్రగా ఉన్నాయి. చలికే అనుకుంది వాండా. అతను బూట్ల వంక చూస్తూ, ఆమెకి దారిచ్చి, లోపలికెళ్ళిపోయాడు.

*

గుడ్ ఫ్రైడే రోజు వాండా ఆ ఒక్క మంచి మాటా తయారు చేసుకునే వచ్చింది. "చేప బాగా వేగింది." బస్సులో నాలుగుసార్లు అనుకుని చూసుకుంది. ఎలా అన్నా అంతకు మించి అర్థం వచ్చే ప్రమాదం లేదు.

హాల్లో అడుగు పెట్టి ఆగిపోయింది.

పిండి బల్ల కిటికీ కింద ఉంది, నలభై ఏళ్ళుగా ఉన్న చోటే. అమ్మమ్మ దాని ముందు కూర్చుని, ఏమీ జరగనట్టు పిండి వత్తుతోంది. ఎప్పుడూ కదిలే బల్ల ఎడమ కాలు ఇప్పుడు కదలడం లేదు. నూనె మూకుడు వెనక తలుపు దగ్గర, ఈడ్చి కొట్టే చలిగాలిలో ఉంది. దాని ముందు ఎవరో ముసలాయన నిలబడి చేపలు మాడుస్తున్నాడు.

"అతనేడీ?" అంది వాండా.

"ఎవరు? దున్నపోతా?" అంది అమ్మమ్మ.

"అమ్మమ్మా!"

"మంగళవారం వచ్చాడు. బల్ల ఎత్తి తెచ్చి ఇక్కడ పెట్టాడు, కాలు బిగించాడు, కింద తుడిచాడు కూడా. ఈస్టర్ అయ్యాక వాళ్ళమ్మని తీసుకుని వేరే చర్చికి మారిపోతాడట."

వాండా కోటు విప్పకుండానే కూలబడింది. నెల రోజులుగా ఏది కావాలని పోట్లాడిందో అదంతా చేతికొచ్చింది. ఎంత అసహ్యంగా ఉందంటే, ఆ బల్లని తనే మళ్ళీ మూలకి నెట్టాలనిపించింది.

"ఎందుకట?"

"నేనూ అడిగాను. 'విన్నది చెప్పకూడని చోట విన్నానండీ అమ్మమ్మగారూ, ఇంక అడక్కండి' అన్నాడు. పెట్టె దగ్గర చెవిన పడ్డ మాట సమాధిదాకా మోసుకుపోవాలి కదే. మనకైనా వాళ్ళకైనా అదే నేర్పుతారు." అమ్మమ్మ పిండి చేతులు దులుపుకుని మనవరాలి మొహంలోకి చూసింది. "ఏం అరిచావే అక్కడ?"

రేడియేటర్. ఎర్రబడ్డ చెవులు. వాండాకి అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. చచ్చినా చెప్పను, వాడికా, నా వల్ల కాదు. అంతకు ముందు మాటలేవీ వినకుండా ఈ మూడే వింటే ఎవరైనా ఏమనుకుంటారు? ఫాదర్ క్షమించానని చెప్పమన్నారు, ఈ రాక్షసి కాదంది అనుకుంటారు. అనుకున్నా అడగలేడు పాపం, అడిగితే విన్నట్టవుతుంది. అందుకే నోరు మూసుకుని బల్ల మోసి పెట్టి పోతున్నాడు.

"నేను అతనితో ఒక మాట చెప్పాలి," అంది వాండా.

"ఏం మాట?"

"ప్రాయశ్చిత్తం అమ్మమ్మా. చేప బాగా వేగిందని."

అమ్మమ్మ వెనక తలుపు వైపు చూసింది. మాడిన వాసన హాలంతా కమ్ముకుంటోంది. "అందుకేనా కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నావ్?" అంది.

*

శనివారం మధ్యాహ్నం అందరూ ఈస్టర్ బుట్టలు తెచ్చి ఆశీర్వాదానికి వరసలో పెట్టారు. రంగు గుడ్లు, సాసేజ్, వెన్నతో చేసిన గొర్రెపిల్ల బొమ్మ, ముల్లంగి పచ్చడి. ఫాదర్ జెరోమ్ పవిత్ర జలం చల్లుకుంటూ వస్తున్నారు. తన దగ్గరికి రాగానే వాండా గుసగుసగా అడిగింది.

"ఫాదర్, మొన్నటి ప్రాయశ్చిత్తం చెయ్యడానికి ఆ మనిషి దొరకడం లేదు. మార్చి ఇస్తారా? ఇంకో పది జపాలైనా సరే."

"ఏ ప్రాయశ్చిత్తం?" ఫాదర్ కళ్ళద్దాల పైనుంచి చూశారు. "పెట్టె బయట నాకేమీ గుర్తుండదు."

"నేనే చెప్తున్నా కదా, మీరు మాట్లాడచ్చు."

"గుడ్లు బావున్నాయి. మీ అమ్మమ్మ రంగు వేసిందా?"

అంటూనే కుంచె ముంచి విదిలించారు. బుట్ట మీద రెండు చుక్కలు పడ్డాయి. మిగతా నీళ్ళన్నీ వాండా మొహం మీదే.

"ఫాదర్! బుట్ట ఇటుంది!"

"అవునా? చూపు ఆనడం లేదమ్మా ఈ మధ్య," అంటూ ఆయన ముందుకెళ్ళిపోయారు.

పక్కనున్న అమ్మమ్మ కొంగులాంటి శాలువా అంచుతో వాండా మొహం తుడిచింది. "అప్పుడే నీళ్ళేమిటే, సోమవారం ఇంకా రాందే!" అని నవ్వింది.

వాండా తుడిపించుకుంటూ తుడిపించుకుంటూ ఆగింది.

ఈస్టర్ మర్నాడు సోమవారం ఈ పేటలో నీళ్ళ పండగ. ఎర్రబట్టలు కట్టుకుని వీధుల్లో పడతారు. అబ్బాయి మనసుపడ్డ అమ్మాయి మీద నీళ్ళు పోస్తాడు. అమ్మాయి మనసైనవాడి కాళ్ళ మీద విల్లో కొమ్మతో కొడుతుంది. పిల్లి పాదాల్లా మెత్తటి బూడిద రంగు మొగ్గలుండే కొమ్మ అది. ఆ ఒక్క రోజూ ఎవరూ ఎవర్నీ తప్పు పట్టరు. సిగ్గున్నవాళ్ళ కోసమే పెద్దలు పెట్టిన పండగ.

ఈస్టర్ లోపల అన్నారు ఫాదర్. ఒక రోజు ఆలస్యమవుతుంది. కానివ్వు, దానికి వేరే ప్రాయశ్చిత్తం చేసుకోవచ్చు. ఇంతకు ముందు ఫాదర్ సలహా తప్పని చెప్పింది, ఆ మాట మీద ఇప్పటికీ నిలబడింది. కానీ వెళ్ళి చెప్పమన్న రెండో సలహా తప్పు కాదు. తప్పు తనదే. అది ఒప్పుకోవడానికి వాండాకి ఒక రాత్రి పట్టింది.

*

సోమవారం అందరూ ఊరేగింపు వైపు వెళ్తుంటే, ఎర్ర కోటు వేసుకున్న వాండా విల్లో కొమ్మ పట్టుకుని ఎదురు దిక్కున నడిచింది. అమ్మమ్మ వెనక నుంచి అరిచింది. "గట్టిగా కొట్టు! ఐరిష్ వాళ్ళ చర్మం మందం!"

నది దగ్గరికి వచ్చేసరికి గేట్లు పడి ఉన్నాయి. వంతెన పైకి లేచి ఉంది. ఓడ అప్పుడే దాటుతోంది. గాలిలో మిల్లు నుంచి వేగిన ఓట్స్ వాసన. పదిహేను కార్లు ఆగి ఉన్నాయి. వాండా వాటి మధ్యగా నడిచి, ఆపరేటర్ గది కింద ఇనప తలుపు దగ్గరికెళ్ళి, గోడకున్న మైకు బటన్ నొక్కింది.

"ఎవరూ?" బ్రెండన్ గొంతు.

"నేను."

పైన ఏదో కింద పడ్డ చప్పుడైంది. "వాండా? వంతెన లేచి ఉంది, నేనిప్పుడు కిందికి రాలేను."

"రావద్దు. విను."

చిన్న ఇనప జాలీ. దాని వెనక కనపడని మనిషి. ఎదురుగా మొహం లేకపోతే మాట ఎంత తేలికో వాండాకి ప్రతి శనివారం అలవాటే.

"ముందు నేనొకటి చెప్పాలి," అన్నాడు బ్రెండన్. "కానీ చెప్పకూడదు."

"తెలుసు. రేడియేటర్."

"కావాలని వినలేదు, ఒట్టు! చలికి నిలబడ్డానంతే."

"నేను చెప్పిన మాట నేనే బయటపెడుతున్నా. నీకు పాపం లేదు. ఏం విన్నావు?"

"'చచ్చినా చెప్పను, వాడికా, నా వల్ల కాదు' అని." గొంతు తగ్గింది. "క్షమించానని చెప్పమన్నారేమో ఫాదర్. నన్ను చూస్తే అంత కోపమైతే, ప్రతివారం నీ ఎదుట పడి నీ చేత పాపం చేయించడం ఎందుకని..."

"దున్నపోతా!" అంది వాండా.

అనేసి నాలిక్కరుచుకుంది. ఒక్క మంచి మాట చెప్పమంటే మొదటి మాటే ఇది.

"బ్రెండన్, సరిగ్గా విను, రెండోసారి చెప్పే ధైర్యం ఉంటుందో లేదో. నాలుగు వారాలుగా నీ మీద కోపం వస్తోందని చెప్తే, నీకు దూరంగా ఉండమన్నారు ఫాదర్. ఒప్పుకోనన్నాను. ఎందుకంటే, నువ్వు గొడవ పెట్టుకోని శుక్రవారం నాకు శుక్రవారంలా లేదు. అప్పుడు ఆయన, నువ్వంటే ఇష్టమని నీకే చెప్పమన్నారు. దానికి అన్నాను చచ్చినా చెప్పనని. ఇప్పుడు చావకుండానే చెప్తున్నా. నువ్వంటే నాకు ఇష్టం. వేరే చర్చికి వెళ్ళకు."

పైన కుర్చీ దొర్లిన చప్పుడైంది. ఓడ మలుపు తిరిగి కనుమరుగైంది. వెనక ఒక కారు హారన్ కొట్టింది, ఆ తర్వాత అన్నీ కొట్టాయి.

"బ్రెండన్! వంతెన!"

"ఆఁ... అవునవును!"

వంతెన గరగరమంటూ దిగింది. గేట్లు లేచాయి. కార్లు మాత్రం కదల్లేదు. మొదటి కార్లో ఉన్న ఎర్ర టోపీ పెద్దావిడ, వాండా చేతిలో కొమ్మ చూసి, ఇంజన్ ఆపేసి చోద్యం చూడ్డానికి సిద్ధమైంది.

బ్రెండన్ మెట్లు మూడేసి దూకుతూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. వాండా కొమ్మ ఎత్తి అతని కాళ్ళ మీద ఫట్, ఫట్, ఫట్ మని మూడు వేసింది.

"అబ్బా! ఇప్పుడే కదా ఇష్టమన్నావు!"

"అదే ఇది!"

"కొడుతూనా?"

"మీ ఐరిష్ వాళ్ళకి ఏమీ తెలీదు. ఈ రోజు ఇష్టమైనవాడినే కొడతాం. ఇష్టమైతే అబ్బాయి నీళ్ళు పోస్తాడు. లేదంటే..." వాండా కొమ్మ మీది మొగ్గ ఒకటి గిల్లింది. "లేదంటే ఇంటికి పోతాను, అంతే."

బ్రెండన్ ఆమె వంకే చూశాడు. "ఉప్పు కాఫీ రెండో కప్పు ఎందుకడిగానో ఇప్పటికీ తెలీలేదా నీకు?"

"ఎందుకు?"

"నువ్వు మళ్ళీ నా దగ్గరికి రావాలిగా. ఆ నాలుగో శుక్రవారం గొడవ ఎందుకు పెట్టుకోలేదనుకున్నావు? నీకిష్టం లేనప్పుడు విసిగించడం మర్యాద కాదని వారమంతా నాకు నేనే చెప్పుకుని వచ్చాను."

"తప్పుడు సలహా," అంది వాండా.

బ్రెండన్ జేబులోంచి నీళ్ళ సీసా తీసి మూత తిప్పాడు. "తలమీదా?"

"అడిగి పొయ్యరు!"

పోశాడు. ఏప్రిల్ చలికి నీళ్ళు మంచులా తగిలాయి. వాండా కెవ్వుమంది. ఎర్ర టోపీ పెద్దావిడ చప్పట్లు కొట్టింది, వెనకున్న కార్లన్నీ మళ్ళీ హారన్లు మోగించాయి, ఈసారి కోపంతో కాదు. బ్రెండన్ తన కోటు విప్పి ఆమెకి కప్పాడు. తడి జుట్టుతోనే వాండా అతని భుజానికి తల ఆనించింది.

"బల్ల మాత్రం కిటికీ కిందే ఉంటుంది," అంది.

"సరే మేడమ్. పొగ గొట్టం నేను వేయిస్తా."

*

శనివారం రేడియేటర్ చుట్టూ జనం ఎప్పటిలాగే ఉన్నారు. వాండా మోకరిల్లింది.

"కిందటిసారి ఇచ్చిన ప్రాయశ్చిత్తం చేశావా?" అని అడిగారు ఫాదర్ జెరోమ్.

"చేశాను ఫాదర్. కానీ ఒక రోజు ఆలస్యమైంది. ఇంకో తప్పు కూడా జరిగింది."

"ఏమిటి?"

"మీరు ఒక్క మంచి మాటే చెప్పమన్నారు. ఒక్కటితో ఆపలేకపోయాను."

జాలీ వెనక ఆయన చాలాసేపు దగ్గారు, నవ్వు వినపడకుండా. "సలహా ఏమైనా కావాలా?"

"వద్దు ఫాదర్."

"హమ్మయ్య. వెళ్ళు తల్లీ, తర్వాతి వాళ్ళని పంపు."

వాండా తెర తీసింది. వరసలో మొదట బ్రెండన్ నిలబడి ఉన్నాడు, రెండు చెవుల్లోనూ వేళ్ళు గట్టిగా పెట్టుకుని, కళ్ళు కూడా మూసుకుని. ఆమె దగ్గరికెళ్ళి ఒక చెవిలోంచి వేలు తీసింది.

"నీ వంతు వచ్చింది," అంది.